సెన్సర్ కన్నా ముందు లెన్సు రంధ్రం చూడండి

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన ఫోటోగ్రాఫర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం చిన్నది, దాని మీద జరిగే తగవు మాత్రం పెద్దది. కెమెరాలో బొమ్మ పడే చిప్పును సెన్సర్ అంటాం. పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాలా, అంతకన్నా చిన్నదైన క్రాప్ సెన్సర్‌తో సరిపెట్టుకోవచ్చా? ఈ హాలులో సగం మంది పెళ్లిళ్లు తీసేవాళ్లు. మిగిలినవాళ్లు పక్షుల ఫోటోల కోసం ఆదివారం తెల్లవారకముందే కొల్లేరు గట్టు మీద ఉండేవాళ్లు. మీ ఇద్దరికీ ఒకే జవాబు చెబితే ఎవరో ఒకరికి అన్యాయం చేసినట్టే. అయినా నా అభిప్రాయం చివరిదాకా దాచుకోను. సెన్సర్ పెద్దదైనంత మాత్రాన ఫోటో బాగుపడదు. దానికి తగిన లెన్సు కూడా కొన్నప్పుడే ఆ ఖర్చు ఫోటోలో కనబడుతుంది. ఎందుకో కాస్త లెక్కలతో చెబుతాను. భాగహారం వస్తే చాలు, అంతకు మించి వెళ్లను. (నవ్వులు)

ముందు కొలతలు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. నికాన్, సోనీ, ఫుజీఫిల్మ్ క్రాప్ కెమెరాల్లో సుమారు 23.5, 15.6. కెనాన్‌ది ఇంకాస్త చిన్నది, 22.3, 14.9. వైశాల్యం చూస్తే ఒకవైపు 864 చదరపు మిల్లీమీటర్లు, మరోవైపు 367 లేదా 332. కాస్త అటూ ఇటూగా రెండున్నర రెట్ల తేడా. మూల నుంచి మూలకు కొలిస్తే 1.5 రెట్లు, కెనాన్‌కు 1.6. దుకాణంలో క్రాప్ ఫ్యాక్టర్ అని చెప్పేది ఈ అంకెనే.

ఈ 36, 24 అనేవి ప్రకృతి నియమాలేమీ కావు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఆయన పనిచేసేవాడు. ఉబ్బసం మనిషి. గాజు పలకల కెమెరా మోసుకుంటూ తిరగడం ఆయన వల్ల కాలేదు. అప్పటికే సినిమాలకు వాడుతున్న 35 మిల్లీమీటర్ల ఫిల్ము తీసుకుని చేతిలో ఇమిడే కెమెరా తయారు చేశాడు. సినిమా ఫ్రేము 24, 18 ఉండేది. రెండు ఫ్రేములు కలిపితే 36, 24. అదే కెమెరా 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో లైకా పేరుతో లోకం ముందుకు వచ్చింది. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థానంలో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ వాడిన గాజు పలకల ముందు ఆ ఫిల్ము ముక్క గోరంత. ఇప్పుడు మనం శిఖరం అనుకుంటున్న సైజు అప్పట్లో బరువు తగ్గించుకోవడానికి చేసుకున్న రాజీ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సినిమాకు మాటలు వచ్చాక కెమెరాలో ఫ్రేము 22, 16 మిల్లీమీటర్లకు స్థిరపడింది. ఈ అంకెలను కెనాన్ క్రాప్ సెన్సర్ పక్కన పెట్టి చూడండి. దాదాపు ఒకటే! 1950లలో మద్రాసు స్టూడియోల్లో తీసిన మన నలుపు తెలుపు సినిమాలు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన ఆ వెన్నెల, అంతా ఇంత ముక్క మీదే పడింది. మన పెద్దవాళ్లు దాన్ని గోడంత తెర మీద చూసి మురిసిపోయారు. చిన్న సెన్సర్‌తో పెద్ద బొమ్మ రాదని ఎవరైనా అంటే ఇది గుర్తుచేయండి. అయితే బార్ట్లే దగ్గర స్టూడియో లైట్లు ఉన్నాయి. మనకు అర్ధరాత్రి ముహూర్తం, మండపంలో నాలుగు బల్బులు. ఆ తేడా సంగతికి తర్వాత వస్తాను.

డిజిటల్ కెమెరాలు చిన్న సెన్సర్‌తో ఎందుకు మొదలయ్యాయి? 1999లో వచ్చిన నికాన్ డీ1లో ఉన్నది 2.7 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సరే. కారణం ఖర్చు. సెన్సర్లను గుండ్రటి సిలికాన్ పలక మీద వరుసగా అచ్చు వేసి ముక్కలుగా కోస్తారు. ఆ పలకలో అక్కడక్కడ లోపాలు తప్పవు. తాను గుడ్డలో నాలుగు చిల్లులున్నాయనుకోండి. చేతిరుమాళ్లు కత్తిరిస్తే నాలుగు రుమాళ్లు పోతాయి, దుప్పట్లు కత్తిరిస్తే నాలుగు దుప్పట్లు పోతాయి. పైగా చిప్పులు అచ్చు వేసే యంత్రం ఒక్కసారికి వేయగలిగిన మేర 33, 26 మిల్లీమీటర్లు. 36 అందులో పట్టదు. రెండు విడతలుగా వేసి అతుకు తెలియకుండా కలపాలి. కెనాన్ 2002లో 1డీఎస్‌తో, నికాన్ 2007లో డీ3తో ఫుల్ ఫ్రేమ్‌లోకి వచ్చాయంటే మధ్యలో ఈ కష్టం అంతా ఉంది. లెన్సు మీద రాసే మిల్లీమీటర్ల అంకె దాని ఫోకల్ లెంగ్త్; అది పెరిగే కొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా కనబడుతుంది. ఈలోగా ఫిల్ము కాలం నాటి 28 లెన్సు చేతిలో ఉన్నవాళ్లకు అది క్రాప్ బాడీ, అంటే లెన్సు లేని ఒట్టి కెమెరా, మీద 42లా చూపిస్తుంటే ఒళ్లు మండింది. ఫుల్ ఫ్రేమ్ మీద మోజు చాలావరకు అప్పుడు పుట్టిందే.

చరిత్ర చాలు. చీకట్లో తీసిన ఫోటో గరుకుగా ఎందుకు వస్తుంది? కెమెరా లోపం అనుకుంటాం. చాలావరకు అది వెలుగు స్వభావం. వెలుగు కణాలుగా వచ్చి పడుతుంది, సమానంగా కాకుండా ఎగుడుదిగుడుగా పడుతుంది. ఒకచోట సగటున 10,000 కణాలు చేరితే ఆ హెచ్చుతగ్గు 100, అంటే నూటికి 1. కంటికి ఆనదు. అదే 100 కణాలే చేరితే హెచ్చుతగ్గు 10, అంటే నూటికి 10. పెళ్లికూతురు చెంప మీద మీరు చూసే నాయిస్ అదే.

బొమ్మ మొత్తానికి ఎక్కువ వెలుగు చేరితే గరుకు తగ్గుతుంది. ఒకే ఎపర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరిచామో చెప్పే ఎఫ్ నంబరు), ఒకే షట్టరు వేగం పెడితే ఫుల్ ఫ్రేమ్‌కు వైశాల్యం ఎంత ఎక్కువో వెలుగు అంత ఎక్కువ అందుతుంది. అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె ఐఎస్ఓ. క్రాప్ బాడీలో ఐఎస్ఓ 3200 దగ్గర కనబడే నాయిస్ ఫుల్ ఫ్రేమ్‌లో 7500 దగ్గర గానీ రాదు. వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు అంటాం; ఇది సుమారు స్టాపుంపావు లాభం. ఒకే తరం సెన్సర్లను పోల్చినప్పటి మాట ఇది. ఈ లాభం నిజమైనదే, నేను కాదనను.

కానీ ‘ఒకే ఎపర్చరు పెడితే’ అన్నాను, గమనించారా? తగవు మొత్తం ఆ షరతులోనే ఉంది.

ఎఫ్ నంబరు అంటే ఏమిటి? ఫోకల్ లెంగ్త్‌ను లెన్సులో తెరుచుకున్న రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె. 50 లెన్సుకు ఎఫ్/2 దగ్గర రంధ్రం 25 మిల్లీమీటర్లు. 75 లెన్సుకు ఎఫ్/3 దగ్గర రంధ్రం ఎంత? అదీ 25 మిల్లీమీటర్లే. క్రాప్ బాడీకి 50, ఫుల్ ఫ్రేమ్‌కు 75 తగిలించి ఒకేచోట నిలబడి, ఒకే షట్టరు వేగంతో తీయండి. చట్రంలోకి వచ్చేది ఒకే దృశ్యం. చేరే వెలుగు మొత్తం ఒకటే. వెనుక బ్లర్ కూడా అంతే. తెర మీద ఐఎస్ఓ అంకెలు వేరుగా ఉంటాయి, అంతే తేడా. ప్రింట్లు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేనూ తడబడతాను. అంటే బొమ్మకు వెలుగు తెచ్చేది ఆ రంధ్రం. సెన్సర్ పెద్దదైనప్పుడు అదే దృశ్యానికి పొడవైన లెన్సు వాడతాం, పొడవైన లెన్సులో పెద్ద రంధ్రం పెట్టే వీలుంటుంది. వీలు మాత్రమే ఉంటుంది. దాన్ని మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం. ఫుల్ ఫ్రేమ్ బాడీతో కలిపి కిట్‌గా 24-105 ఎఫ్/4-7.1 లెన్సు అమ్ముతారు. 105 దగ్గర అది ఎఫ్/7.1, అంటే రంధ్రం 15 మిల్లీమీటర్ల లోపే. క్రాప్ బాడీల కోసం టామ్రాన్ కంపెనీ 17-70 ఎఫ్/2.8 జూమ్ లెన్సు తయారు చేస్తోంది. క్రాప్ మీద 70 అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 105 చూపించే దృశ్యమే. దాని రంధ్రం 25 మిల్లీమీటర్లు. వైశాల్యాలు లెక్కేస్తే క్రాప్ కెమెరా పట్టుకున్నవాడికే దాదాపు మూడు రెట్లు ఎక్కువ వెలుగు అందుతోంది. అప్పు చేసి ఫుల్ ఫ్రేమ్ కొన్నవాడు చీకటి మూలలో పక్కవాడి కన్నా గరుకు ఫోటో తీస్తాడన్నమాట. ఇలాంటి కొనుగోలు ప్రతి పెళ్లిళ్ల సీజనుకు ముందు చూస్తూనే ఉన్నాం. 2013లో సిగ్మా తెచ్చిన క్రాప్ జూమ్ 18-35 ఎఫ్/1.8 ఇంకా గట్టి పిండం. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది 27-53 ఎఫ్/2.7. పేరున్న ఎఫ్/2.8 జూమ్‌తో భుజం కలిపి నిలబడుతుంది.

అలాగని క్రాప్ జెండా పట్టుకుని ఊరేగడానికి రాలేదు. రెండో వైపు కూడా వినండి. ఫుజీఫిల్మ్ వాళ్ల 56 ఎఫ్/1.2 చాలా మంచి లెన్సు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. దాని రంధ్రం 47 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ఫుల్ ఫ్రేమ్‌లో అందరికీ అందుబాటులో ఉండే మామూలు 85 ఎఫ్/1.8 రంధ్రం 47 పైచిలుకు. క్రాప్ లోకంలో పెద్ద లెన్సు చేసే పనిని ఫుల్ ఫ్రేమ్ లోకంలో చిన్న లెన్సు చేసేస్తోంది. ఒంటరి ముఖచిత్రం, వెనుక సీరియల్ లైట్లు బంతుల్లా కరిగిపోవాలి అనుకునేవాళ్లకు ఫుల్ ఫ్రేమే చౌక. 85 ఎఫ్/1.2, 135 ఎఫ్/1.8, 35 ఎఫ్/1.4 లాంటివి కావాలంటే క్రాప్‌లో ఆటోఫోకస్‌తో వాటికి సాటి దొరకడం కష్టం. 35 ఎఫ్/1.4కు జత కావాలంటే క్రాప్‌లో 23 ఎఫ్/0.93 చేయాలి. ఆటోఫోకస్‌తో అలాంటిది ఎవరు చేస్తారు?

పెళ్లి మండపానికి వద్దాం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. వధూవరులు, మధ్యలో అడ్డుతెర, తలల మీద చేతులు, పక్కన పురోహితుడు, వెనుక మేనమామ. మీకు దొరికే చోటు ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది, ఎదురుగా వీడియో ఆయన ఉంటాడు కాబట్టి. (నవ్వులు) అక్కడ ఎఫ్/1.8 పెడితే ఒకరి కన్ను స్పష్టం, రెండోవారి ముఖం మసక. ఆల్బమ్ తిరగేసే పెళ్లికొడుకు తల్లి దాన్ని కళ అనుకోదు. ‘మా అబ్బాయి ముఖం సరిగా రాలేదేమండీ’ అంటుంది. అందుకని ఎఫ్/5.6 పెడతారు. ముందు నుంచి వెనుక దాకా స్పష్టంగా వచ్చే అదే లోతు క్రాప్‌లో ఎఫ్/3.7 దగ్గరే వచ్చేస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌లో ఎపర్చరు మూసిన మేరకు ఐఎస్ఓ పెంచాలి. స్టాపుంపావు లాభం అక్కడికక్కడే చెల్లు. ముప్పై మంది బంధువుల గ్రూపు ఫోటోకు కూడా ఇదే కథ. మసక వద్దు, అందరూ స్పష్టంగా రావాలి అనుకున్న ప్రతిచోటా రెండు సెన్సర్లూ సమానమైపోతాయి, షట్టరు వేగం తగ్గించలేని పరిస్థితిలో. మన పెళ్లి ఆల్బమ్‌లో అలాంటి ఫోటోలు ఎన్నో మీకే తెలుసు. అక్కడ మిమ్మల్ని ఆదుకునేది పైకప్పుకు కొట్టిన ఒక మంచి ఫ్లాష్. స్టాపుంపావు కాదు, అంతకు రెండు మూడు రెట్లు ఇస్తుంది.

పెళ్లిళ్లు తీసేవాళ్లు ఫుల్ ఫ్రేమ్ కొనడానికి నాకు సబబుగా తోచే కారణం వేరే ఉంది. కంపెనీలు రెండు కార్డుల స్లాట్లు, గట్టి బాడీ, మంచి ఆటోఫోకస్ ఎక్కువగా ఆ వర్గంలోనే పెడతాయి. కార్డు పాడైతే తాళి కట్టడం మళ్లీ జరగదు. అది సెన్సర్ గొప్పతనం కాదు, అమ్మకం ఎత్తుగడ. అయినా మనకు అవసరమే. క్రాప్‌లోనూ నికాన్ డీ500, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ5 లాంటివి రెండు స్లాట్లతో ఉన్నాయని మాత్రం గుర్తుంచుకోండి.

ఆల్బమ్ సైజు గురించి బెంగ వద్దు. 12, 18 అంగుళాల పేజీకి అంగుళానికి 300 చుక్కల చొప్పున 19.4 మెగాపిక్సెళ్లు చాలు. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ కెమెరా అది దాటే ఉంది.

ఇక పక్షుల వాళ్లు. ‘క్రాప్ పెడితే 500 లెన్సు 750 అవుతుంది’ అని మీ సంతోషం. కొల్లేరు దగ్గరి ఆటపాకలో ఒక మీటరు పొడవున్న పక్షి 50 మీటర్ల దూరంలో కూర్చుంది. 500 లెన్సు సెన్సర్ మీద దాని బొమ్మను ఎంత వేస్తుంది? 10 మిల్లీమీటర్లు. వెనుక ఉన్నది క్రాప్ సెన్సర్ అయినా, ఫుల్ ఫ్రేమ్ అయినా 10 మిల్లీమీటర్లే. ఆ పక్షి బొమ్మకు అందే వెలుగు కూడా ఒకటే. ఫుల్ ఫ్రేమ్ అదనంగా పట్టుకున్నదంతా చుట్టూ ఉన్న ఆకాశం, నీళ్లు. ఆ 10 మిల్లీమీటర్లలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నదే ప్రశ్న. 20.9 మెగాపిక్సెళ్ల డీ500, 45.7 మెగాపిక్సెళ్ల డీ850 తీసుకోండి. డీ850 బొమ్మను క్రాప్ సైజుకు కత్తిరిస్తే 19.4 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఇంచుమించు సమానం. అదే 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌ను అలా కత్తిరిస్తే 10 చిల్లర మిగులుతుంది. కాబట్టి దూరపు పక్షికి మామూలు ఫుల్ ఫ్రేమ్ కన్నా మంచి క్రాప్ బాడీ నయం. ఎక్కువ మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కొనగలిగితే ఇంకో సుఖం ఉంది: ఎగిరే గూడబాతు రెక్క చట్రం దాటిపోకుండా చుట్టూ చోటు ఉంటుంది. మిగిలిన డబ్బు ఉంటే నన్నడిగితే లెన్సుకే పెట్టండి.

ప్రకృతి దృశ్యాల వాళ్లకు ఒక్క మాట. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100 పెట్టి షట్టరును తీరిగ్గా తెరిచి ఉంచే వీలున్నప్పుడు ఫుల్ ఫ్రేమ్ నిజంగానే ఎక్కువ వెలుగు దాచుకుంటుంది. గండికోట లోయలో నీడలను తర్వాత పైకి లాగితే ఆ తేడా కనబడుతుంది.

వీడియో వాళ్లకు కూడా ఒకటి చెప్పి ప్రశ్నలకు వస్తాను. సోనీ ఏ7 4లో 4కే వీడియోను సెకనుకు 60 ఫ్రేములతో పెట్టగానే కెమెరా తనంతట తానే క్రాప్‌లోకి దిగిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ డబ్బు కట్టి, పెళ్లికూతురు నడిచి వచ్చే స్లో మోషన్ మొత్తం క్రాప్‌లో తీస్తున్నారు. ఎవరూ గుర్తుపట్టలేదు కదా! (నవ్వులు, చప్పట్లు)

ఆ వెనుక వరుసలో తమ్ముడు ముందు అడగండి.

(ప్రశ్న: నా 50 లెన్సు క్రాప్ బాడీకి పెడితే నిజంగా 75 అవుతుందా సార్? ముఖం ఆకారం కూడా 75లానే వస్తుందా?)

లెన్సు 50గానే ఉంటుంది. సెన్సర్ అంచులు కత్తిరించి మధ్య భాగాన్ని తీసుకుంటుంది, అంతే. ముఖం ఆకారం, ముక్కు పెద్దదిగా కనబడడం, చెవులు వెనక్కి పోవడం, ఇవన్నీ మీరు ఎంత దూరంలో నిలబడ్డారన్నదాన్ని బట్టి ఉంటాయి. 75 పెట్టి నిలబడే దూరంలోనే 50 పెట్టి నిలబడితే ముఖం అలాగే వస్తుంది.

(ప్రశ్న: మేము మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. ఫోటోలకు ఫుల్ ఫ్రేమ్ అవసరమా సార్?)

అవసరం లేదమ్మా. చీర ఎక్కడికీ పారిపోదు, లైట్లు మీ చేతిలో ఉంటాయి, ఎఫ్/8 పెట్టి ట్రైపాడ్ మీద తీస్తారు. క్రాప్ కెమెరా చక్కగా సరిపోతుంది. ఆ డబ్బుతో రంగు సరిగ్గా చూపించే రెండు మంచి లైట్లు కొనండి. ఎరుపు చీర నారింజగా వస్తే తిరిగి పంపించేస్తారు. సన్నటి నేత మీద లేని చారలు కనబడితే కెమెరాను కాస్త ముందుకో వెనక్కో జరపండి, లేదా కోణం మార్చండి. అది ఏ సెన్సర్‌కైనా వచ్చే చిక్కే.

(ప్రశ్న: బేరం మాట్లాడేటప్పుడే ఫుల్ ఫ్రేమ్ ఉందా అని అడుగుతున్నారండీ. లేదంటే వెళ్లిపోతున్నారు.)

అర్థమైందండీ. అది వ్యాపారం ప్రశ్న, దానికి రంధ్రాల లెక్క చెప్పి లాభం లేదు. బేరం పోతుంటే కొనవలసిందే. కొనే ముందు ఒక పని చేయండి. పోయిన సీజనులో ఆల్బమ్‌లోకి ఎక్కిన ఫోటోలను కంప్యూటర్‌లో తెరిచి, ప్రతిదానికీ ఎపర్చరు, ఐఎస్ఓ చూడండి. ఎక్కువ భాగం ఎఫ్/4, ఎఫ్/5.6 మధ్య ఫ్లాష్‌తో తీసినవైతే ఒక్క బాడీ మాత్రమే తీసుకోండి, పాత క్రాప్ బాడీని రెండో కెమెరాగా ఉంచండి, పెద్ద లెన్సులను కావలసిన రోజు అద్దెకు తెచ్చుకోండి. లెన్సును పూర్తిగా తెరిచి ఐఎస్ఓ 6400 పైన తీసినవి చాలా ఉంటే అప్పుడు బాడీతో పాటే 85 ఎఫ్/1.8, 35 ఎఫ్/1.8 కూడా బిల్లులో వేయించండి. కిట్ లెన్సు వద్దని చెప్పి ఆ మేరకు ధర తగ్గించమనండి.